ఇంగ్లిష్ సందేహాలు: బిగ్గా, లార్జా, హ్యూజా?

ప్రశ్న: టీచర్ గారూ, నేను అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి ఉద్యోగ ప్రయత్నాలు చేస్తున్నాను. స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో మాకు ఒక చార్ట్ ఇచ్చారు. బిగ్ కంటే లార్జ్ పెద్దది, లార్జ్ కంటే హ్యూజ్, దాని పైన ఇనార్మస్, ఆపైన జైగాంటిక్, అన్నిటికంటే పైన కొలోసల్ అని వరసగా రాసి బట్టీ పట్టమన్నారు. మొన్న ఒక కంపెనీ రాత పరీక్షలో 'ఐ మేడ్ ఎ లార్జ్ మిస్టేక్' అనీ, 'బికాజ్ ఆఫ్ బిగ్ రెయిన్ ఐ వాజ్ లేట్' అనీ రాశాను. రెండూ తప్పన్నారు, ఎందుకో చెప్పలేదు. వచ్చే వారం మళ్లీ ఇంటర్వ్యూ ఉంది, టెన్షన్‌గా ఉంది. అసలు ఈ మాటల మధ్య తేడా ఏమిటి?
(ఒక పాఠకురాలు, అమీర్‌పేట)

జవాబు: అమ్మా, ముందు ఆ చార్ట్ పక్కన పెట్టేయండి. హ్యూజ్, ఇనార్మస్ లాంటివి బిగ్ కంటే గట్టి మాటలన్నంత వరకే అందులో నిజం ఉంది. లార్జ్ మాత్రం బిగ్ కంటే పెద్దదేమీ కాదు. జైగాంటిక్ కంటే కొలోసల్ ఎన్ని అడుగులు ఎక్కువో కొలిచి చెప్పగలవాళ్లు ఇంగ్లండులోనే లేరు. ఇంటర్ పిల్లలకు ఏళ్ల తరబడి ఇంగ్లిష్ చెప్పిన మీదట నాకు గట్టిగా అనిపించేది ఒకటే: ఈ మాటల్ని సైజు వరసలో పెట్టి నేర్చుకుంటే రావు. ఏ మాట ఏ నామవాచకం పక్కన కూర్చుంటుందో చూసి నేర్చుకోవాలి.

ఈ పని మీకు కొత్తేం కాదు. భారీ వర్షం అంటారు, విశాలమైన మైదానం అంటారు, అపారమైన నష్టం అంటారు, గొప్ప మనిషి అంటారు. 'విశాలమైన వర్షం' అని పదేళ్ల పిల్లవాడు కూడా అనడు. ఎవరూ చార్ట్ రాసివ్వలేదు. వింటూ, చదువుతూ పెరిగారు కాబట్టి వచ్చేసింది. ఇంగ్లిష్‌లోనూ అదే దారి.

మీ రెండు తప్పులూ వచ్చింది మన 'పెద్ద' వల్ల. ఈ ఒక్క మాటతో మనం సగం ప్రపంచాన్ని నడిపేస్తాం. పెద్ద వాన అంటాం. ఇంగ్లిష్‌లో వానకు బరువే తప్ప సైజు ఉండదు: హెవీ రెయిన్. ట్రాఫిక్ కూడా అంతే. పంజాగుట్ట దగ్గర గంట ఇరుక్కుపోయినా 'బిగ్ ట్రాఫిక్' అనకూడదు, హెవీ ట్రాఫిక్ అనాలి. పేపర్లలో 'భారీ వర్షాలు' అని చదువుతాం కదా, ఆ భారీ కూడా భారం నుంచి వచ్చిందే. అందుకే ఈ ఒక్కచోట తెలుగు పేపరు మాట మీకు సరిగ్గా సాయం చేస్తుంది. పెద్ద గొంతు అంటే లౌడ్ వాయిస్. పెద్దాయన అంటే ఎల్డర్లీ జెంటిల్మన్. ఆయన్ని 'బిగ్ మ్యాన్' అంటే వినేవాళ్లు ఒళ్లున్న మనిషి అనుకుంటారు, లేకపోతే పలుకుబడి ఉన్న మనిషి అనుకుంటారు. వయసు సంగతి వాళ్లకు తట్టదు. పెద్ద అని నోటిదాకా వచ్చినప్పుడల్లా, నేను చెబుతున్నది సైజు గురించా, బరువు గురించా, వయసు గురించా అని ఒక్క క్షణం ఆలోచించండి. సగం తప్పులు అక్కడే పోతాయి.

ఇక బిగ్, లార్జ్. ఇల్లో, గదో, పెట్టో అయితే రెండూ ఒకటే. బిగ్ హౌస్ అన్నా లార్జ్ హౌస్ అన్నా గదులు పెరగవు. బిగ్ ఇంట్లో మాట్లాడుకునే మాట, లార్జ్ కాస్త కాగితం మీది మాట. ఇల్లు అమ్ముతామని ప్రకటన ఇచ్చేవాళ్లు లార్జ్ అని రాస్తారు, ఆ ఇల్లు చూసొచ్చినవాళ్లు బిగ్ అని చెప్పుకుంటారు. అసలు తేడా తెలిసేది వస్తువులు కానివాటి దగ్గర. తప్పు, నిర్ణయం, సమస్య, తేడా, ఆశ్చర్యం... వీటికి ఏ టేపు పెట్టీ కొలవలేం. ఇక్కడ బిగ్ అంటే ముఖ్యమైనది, లెక్కలోకి తీసుకోవలసినది అని. బిగ్ మిస్టేక్, బిగ్ డెసిషన్, బిగ్ ప్రాబ్లమ్, బిగ్ డిఫరెన్స్. పెళ్లి రోజును బిగ్ డే అంటారు. వీటి పక్కన లార్జ్ మామూలుగా ఇమడదు. మీ 'లార్జ్ మిస్టేక్' తప్పయింది ఇందుకే.

లార్జ్‌కు తన సొంత ఇలాకా ఉంది: లెక్కలు, పరిమాణాలు. లార్జ్ నంబర్, లార్జ్ అమౌంట్, లార్జ్ క్వాంటిటీ, లార్జ్ స్కేల్, లార్జ్ పాప్యులేషన్. 'బిగ్ అమౌంట్' అంటే పట్టుకుని కొట్టరు గానీ, రాతలో అది చెవికి మొరటుగా తగులుతుంది. లార్జ్ మూలం లాటిన్‌లోని లార్గస్. దానికి సమృద్ధి, ధారాళం అని అర్థం. అందుకే ఇప్పటికీ ఇంగ్లిష్ పేపర్లలో, చేతికి ఎముక లేకుండా పంచిపెట్టడాన్ని లార్జెస్ అంటారు. ధారాళంగా ఉన్నది అనే వాసన లార్జ్‌ను ఇంకా వదల్లేదు. షర్టుల మీద ఎల్, ఎక్స్‌ఎల్ అని ఉండేది కూడా ఇదే లార్జ్. కొలతలో ఒక మెట్టు కాబట్టి అక్కడ బిగ్ రాదు.

ఒక మనిషి పక్కన మూడు మాటలూ పెట్టి చూడండి. 'హీ ఈజ్ ఎ బిగ్ మ్యాన్' అంటే పొడుగూ పుష్టీ ఉన్నవాడు. 'హీ ఈజ్ ఎ లార్జ్ మ్యాన్' అంటే లావుగా ఉన్నాడని మర్యాదగా చెప్పడం. 'హీ ఈజ్ ఎ గ్రేట్ మ్యాన్' అంటే గొప్పవాడు, ఆయన అర చేతి మనిషైనా సరే. నామవాచకం మారలేదు, మూడు వాక్యాలకూ మూడు అర్థాలు వచ్చాయి. ఇంటర్వ్యూలో మీ నాన్నగారి గురించి అడిగితే ఏది వాడాలో ఇప్పుడు మీకే తెలుసు.

గ్రేట్ ఒకప్పుడు నిజంగా సైజు మాటే. జర్మన్ భాషలో దీని చుట్టమైన మాటను ఈ రోజుకీ మామూలు పెద్దకే వాడతారు. ఇంగ్లిష్‌లో అది నెమ్మదిగా వస్తువుల్ని వదిలేసి గుణాల వైపు, అనుభవాల వైపు వెళ్లిపోయింది. గ్రేట్ కేర్, గ్రేట్ డిఫికల్టీ, గ్రేట్ రెస్పెక్ట్, గ్రేట్ ప్లెజర్. ఇవన్నీ చేత్తో పట్టుకోలేనివి. 'బిగ్ రెస్పెక్ట్' అని ఉత్తరంలో రాయకండి. భోజనం దగ్గర తేడా ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. బిగ్ లంచ్ అంటే కడుపు నిండా తిన్నారు, గ్రేట్ లంచ్ అంటే రుచిగా ఉంది.

హ్యూజ్, ఇనార్మస్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. రెండూ చాలా పెద్ద అనే అర్థంలో వస్తువులకూ నప్పుతాయి, విజయానికీ నష్టానికీ నప్పుతాయి. హ్యూజ్ నోటి మాట, ఇనార్మస్ కొంచెం చొక్కా గుండీలు పెట్టుకున్న మాట. మీకు సందేహం వస్తే హ్యూజ్ వాడండి, చాలాచోట్ల నడుస్తుంది.

వాస్ట్ దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. అది పరుచుకున్నవాటి మాట. ఎడారి, సముద్రం, మైదానం, ఆకాశం. లాటిన్ మూలంలో వాస్టస్ అంటే ఖాళీగా, నిర్మానుష్యంగా ఉన్నది. పాడుబెట్టడం అనే అర్థమున్న డెవస్టేట్ కూడా ఆ కుటుంబంలోదే. అందుకే నిలబడి ఉన్న వస్తువుకు వాస్ట్ నప్పదు. ఖైరతాబాద్ వినాయకుణ్ణే తీసుకోండి. 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలై, 2024లో 70 అడుగులకు చేరిన ఆ విగ్రహాన్ని హ్యూజ్ అనొచ్చు, జైగాంటిక్ అనొచ్చు, మాసివ్ అనొచ్చు. వాస్ట్ అనకూడదు. నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ మీద కిక్కిరిసిన జనం ఉన్నారే, వాళ్లను వాస్ట్ క్రౌడ్ అనొచ్చు, ఎందుకంటే జనం కనుచూపు మేర పరుచుకుని ఉంటారు. చదువుకు, అనుభవానికి కూడా ఈ మాట వాడతారు: వాస్ట్ ఎక్స్‌పీరియన్స్. మీరు ఫ్రెషర్ కాబట్టి మీ రెజ్యూమేలో అది మాత్రం వద్దు.

ఇమ్మెన్స్ నాకు ఎంతో అందంగా కనిపించే మాట. కొలవలేనిది అని దాని మూలార్థం. మనవాళ్లు పారం లేనిది, అంటే అవతలి ఒడ్డు కనిపించనిది అని అపారం అన్నారు, లాటిన్ వాళ్లు కొలత లేనిది అన్నారు. అపారం ఎక్కడ సహజంగా వస్తుందో దాదాపు అక్కడల్లా ఇమ్మెన్స్ కూడా వస్తుంది. అపారమైన ఆనందం ఇమ్మెన్స్ ప్లెజర్, అపారమైన నష్టం ఇమ్మెన్స్ లాస్. బీరువాకు అపారం అనం కదా, ఇమ్మెన్స్ కూడా దానికి అంతగా నప్పదు.

మాసివ్ దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే దీన్ని మనం రోజూ వింటూ కూడా సరిగా పట్టించుకోం. ఇది మాస్ నుంచి వచ్చింది, ముద్ద, పదార్థపు బరువు. గట్టిగా, లోపల బోలు లేకుండా, కదల్చలేనంత బరువుగా ఉన్నదానికి మొదట పుట్టిన మాట. గోల్కొండలో ఫతే దర్వాజా తలుపుల ముందు ఒకసారి నిలబడండి. ఏనుగులతో కుమ్మించి పగలగొట్టకుండా వాటి నిండా ఇనుప మేకులు దిగ్గొట్టి ఉంటాయి. ఆ తలుపుల్ని బిగ్ అంటే వాటి బరువు చెప్పినట్టు కాదు. మాసివ్ డోర్స్ అనాలి. అదే సైజులో బెలూన్ ఉంటే, దాన్ని హ్యూజ్ అంటాం గానీ మాసివ్ అనడానికి మనసొప్పదు. డాక్టర్లు మాసివ్ హార్ట్ అటాక్ అన్నప్పుడు కూడా దెబ్బ తీవ్రతే చెబుతున్నారు.

సైన్సులో ఈ తేడా ఇంకా కచ్చితంగా ఉంటుంది. అక్కడ మాసివ్ అంటే ద్రవ్యరాశి ఎక్కువ అని మాత్రమే, సైజుతో పనే లేదు. న్యూట్రాన్ నక్షత్రాలని ఉన్నాయి. వాటి వ్యాసం సుమారు 20 కిలోమీటర్లు. మన ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుకొలత 158 కిలోమీటర్లు కాబట్టి, అలాంటి నక్షత్రం రింగ్ రోడ్డు లోపల సులువుగా పట్టేస్తుంది. కానీ దాని ద్రవ్యరాశి మామూలుగా మన సూర్యుడి కంటే ఎక్కువ. అంటే అది సూర్యుడి కంటే మోర్ మాసివ్, కానీ సూర్యుడి ముందు చాలా చిన్నది. ఈ ఒక్క ఉదాహరణ మీ చార్ట్‌లో ఏ మెట్టు మీద పెడతారో ఆలోచించండి.

కొలోసల్ మాట విగ్రహాల నుంచి వచ్చింది. గ్రీకుల రోడ్స్ దీవిలో క్రీస్తుపూర్వం 280 ప్రాంతంలో సూర్యదేవుడికి ఒక కంచు విగ్రహం నిలబెట్టారు, కొలోసస్ అని. ఎత్తు సుమారు 33 మీటర్లు, అంటే 108 అడుగుల దాకా. ఓ యాభై ఏళ్లు నిలిచి, భూకంపంలో కూలిపోయింది. కొలోసల్ అంటే బ్రహ్మాండమైనదనే పేరు లోకంలో నిలిచిపోవడానికి ఆ విగ్రహమే ముఖ్య కారణం. హుస్సేన్‌సాగర్ పక్కన 2023లో ఆవిష్కరించిన అంబేడ్కర్ విగ్రహం 125 అడుగులు, పీఠం కాకుండానే. ముచ్చింతల్లో రామానుజాచార్యుల విగ్రహం, పీఠంతో కలిపి, 216 అడుగులు. నగరంలో ఉన్న మనకు కొలోసల్ అర్థం కావడానికి డిక్షనరీ అక్కర్లేదు, బస్సెక్కితే చాలు. ఇప్పటి ఇంగ్లిష్‌లో ఈ మాట మంచికంటే చెడ్డకే ఎక్కువ దగ్గరగా తిరుగుతుంది: కొలోసల్ వేస్ట్, కొలోసల్ ఫెయిల్యూర్.

ట్రెమెండస్ మూలంలో వణుకు ఉంది. చూసినా విన్నా ఒళ్లు వణికించేది అని. ఇప్పుడు ఆ భయం పోయి, సినిమా సక్సెస్ మీట్లలో 'ట్రెమెండస్ రెస్పాన్స్' దగ్గర స్థిరపడింది. అది తప్పేం కాదు.

ఇంటర్వ్యూకి మీరు చేయాల్సింది చెబుతాను. విడి మాటలు రాసిన పుస్తకం మూసేసి, జంటలు రాసుకోండి. 'వి హ్యాడ్ హెవీ రెయిన్', 'దిస్ ఈజ్ ఎ బిగ్ డెసిషన్ ఫర్ మీ', 'ఎ లార్జ్ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్', 'ఇట్ గివ్స్ మీ గ్రేట్ ప్లెజర్'. ఒక్కో జంటతో మీ జీవితంలోంచే ఒక వాక్యం చేసి పైకి చదవండి. నేర్చుకునేవాళ్ల కోసం తయారుచేసిన లెర్నర్స్ డిక్షనరీ ఒకటి దగ్గర పెట్టుకోండి. వాటిలో అర్థంతో పాటు ఏ మాట పక్కన ఏది వస్తుందో వాక్యాలతో ఇస్తారు. కొత్తది కొనలేకపోతే ఆదివారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాతవి వెతకండి, బిగ్, లార్జ్ అర్థాలు అన్నేళ్లలో మారిపోవు. జైగాంటిక్, కొలోసల్ ఇంటర్వ్యూలో వాడకపోయినా మీకు పోయేదేమీ లేదు. పెద్ద మాట వాడితే మార్కులొస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. సరైన జంట వాడితే వస్తాయి.

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి. వ్యాసంలో 'ది ఫోర్ట్ ఈజ్ వెరీ ఇనార్మస్' అని రాస్తే టీచర్ వెరీ కొట్టేశారు. వెరీ బిగ్ ఒప్పయినప్పుడు వెరీ ఇనార్మస్ ఎందుకు తప్పు?
(ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: టీచర్ గారు సరిగానే దిద్దారు. ఇనార్మస్‌లో 'చాలా' అనేది ముందే కలిసి ఉంది. అపారమైన సంపద అంటాం గానీ 'చాలా అపారమైన సంపద' అనం, చూశారా? హ్యూజ్, ఇమ్మెన్స్, కొలోసల్ అన్నీ ఈ కోవలోవే. మరీ నొక్కి చెప్పాలంటే ఆబ్సొల్యూట్లీ హ్యూజ్ అంటారు. బిగ్, లార్జ్ మామూలు మాటలు కాబట్టి వాటికి వెరీ హాయిగా తగిలించొచ్చు. వెరీ హ్యూజ్ అని మాట్లాడేవాళ్లు ఇంగ్లిష్ దేశాల్లోనూ ఉన్నారు, కాకపోతే పరీక్ష పేపర్లో దాన్ని తప్పుగానే చూస్తారు. అమ్మాయితో 'ది ఫోర్ట్ ఈజ్ ఇనార్మస్' అని ఒకసారి, 'ది ఫోర్ట్ ఈజ్ వెరీ లార్జ్' అని ఒకసారి రాయించండి. రెండూ ఒప్పే. ఏడో తరగతిలో ఇనార్మస్ అనే మాట వాడిందంటే పాప బాగా చదువుతోంది, ఆ ఒక్క కొట్టివేతకు చిన్నబుచ్చకండి.

ప్రశ్న: వరదల వార్తలో 'ఎనార్మిటీ' అని చదివాను. ఇనార్మస్‌కు నామవాచకం అనుకుని, మా ఆఫీసు రిపోర్టులో 'ఎనార్మిటీ ఆఫ్ అవర్ న్యూ బిల్డింగ్' అని రాస్తే మేనేజర్ గారు మార్చమన్నారు. ఎందుకు?
(ఒక ఉద్యోగి, ఉప్పల్)

జవాబు: రెండూ ఒక తల్లి పిల్లలే. నార్మా అంటే వడ్రంగి మూలమట్టం. దాన్ని దాటిపోయింది, అంటే కట్టుబాటు తప్పింది అని ఇనార్మస్ మూలార్థం. ఇనార్మస్ కాలక్రమంలో సైజు వైపు వెళ్లింది. ఎనార్మిటీలో మాత్రం కట్టుబాటు తప్పడం, ఘోరం, దుర్మార్గం అనే పాత అర్థం బలంగా మిగిలింది. ఘోరమైన నేరం గురించి 'ఎనార్మిటీ ఆఫ్ ది క్రైమ్' అంటారు. విపత్తు తీవ్రతకూ, మీద పడ్డ పని భారానికీ వాడేవాళ్లు చాలామంది ఉన్నారు, దాన్ని ఒప్పుకునేవాళ్లూ ఉన్నారు. కొత్త బిల్డింగ్‌కు వాడితే మాత్రం, జాగ్రత్తగా చదివేవాళ్లకు అక్కడేదో అఘాయిత్యం జరిగినట్టు వినిపిస్తుంది. 'ది షీర్ సైజ్ ఆఫ్ అవర్ న్యూ బిల్డింగ్' అని రాయండి, గొడవ ఉండదు.

ప్రశ్న: గ్రేట్ బ్రిటన్‌లో గ్రేట్ అంటే గొప్ప అనేనా? బిర్యానీ జంబో ప్యాక్‌లో జంబో ఎక్కడిది?
(ఒక పాఠకుడు, మెహిదీపట్నం)

జవాబు: గ్రేట్ బ్రిటన్‌లో గ్రేట్ పాత సైజు అర్థంలోనే ఉంది. ఫ్రాన్సులో బ్రిటనీ అనే ప్రాంతం ఉంది కదా, దానితో కలగాపులగం కాకుండా ఈ దీవిని పెద్ద బ్రిటన్ అన్నారు. మన పెద్దాపురం, చిన్నాపురం లాగా అనుకోండి.

జంబో ఒక ఏనుగు పేరు. ఆఫ్రికా ఏనుగు, లండన్ జూలో పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిప్పేది. 1882లో దాన్ని బార్నమ్ అనే అమెరికా సర్కస్ యజమానికి అమ్మేశారు. లండన్ జనం ఎంత మొత్తుకున్నా ఆగలేదు. 1885లో కెనడాలో రైలు గుద్ది చచ్చిపోయింది, పాపం. దాని పేరు మాత్రం పెద్ద సైజు సరుకులన్నిటికీ అంటుకుంది. విమానాల్లో 747కు జంబో జెట్ అని పేరొచ్చిందీ అలాగే. ఇది దుకాణం మాట, అమ్మే సైజులకే వాడాలి. జంబో ప్యాక్ సరే, జంబో మిస్టేక్ మాత్రం రాయకండి.

వచ్చే నెల టాల్, హై, లాంగ్ గురించి వచ్చిన ఉత్తరాలకు జవాబిస్తాను. సందేహం పంపేవాళ్లు విడి మాట కాకుండా, మీరు రాసిన వాక్యం మొత్తం పంపండి.